గిటారు పేరు అడిగారు, ఆమె పేరు అడగలేదు



పోయిన శనివారం పాటల ప్రాక్టీసు అయిపోయాక మన కుర్రాళ్ళు నలుగురు గుడి అరుగు మీద కూర్చుని, ఒక ఫోను చుట్టూ తలకాయలు పెట్టి ఏదో చూస్తున్నారు. క్రికెట్ అనుకున్నాను. దగ్గరికి వెళ్తే పాట. నలుపు తెలుపు బొమ్మ. పాత రైలు స్టేషను, తడిసిన ప్లాట్‌ఫారం, దాని మీద పొడవాటి కోటు వేసుకున్న ఒక నల్లజాతి ఆవిడ, మెడలో తెల్ల ఎలక్ట్రిక్ గిటారు. పాట మధ్యలో ఆవిడ ఒంటి తీగ మీద వాయిస్తుంటే మావాడొకడు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. అయిపోగానే నన్ను అడిగిన మొదటి మాట: "అయ్యగారూ, అది ఏ గిటారో మీకు తెలుసా?"

నేను నోరు తెరిచేలోపే మన సంఘపెద్దల్లో ఒకాయన అటుగా వస్తూ విన్నారు. "గుడి అరుగు మీద ఈ క్లబ్బు పాటలేంట్రా? అందులోనూ ఆడమనిషి గిటారు తగిలించుకుని ఊగుతుంటే చూడ్డం ఒకటి!" అని కసిరారు. పిల్లలు ఫోను జేబులో పెట్టుకుని లేచిపోయారు. నేనూ ఊరుకున్నాను. వయసులో పెద్దాయన, నలుగురిలో ఎందుకని. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాక ఊరుకోవడం తప్పనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. బాబాయ్ గారూ, మీ అబ్బాయి చదివి వినిపిస్తాడు కదా, మీరు కూడా చివరిదాకా వినండి. కోపం వస్తే ఆదివారం ఆరాధన తర్వాత మాట్లాడుకుందాం.

మొదటి సంగతి, ఆవిడ పాడింది క్లబ్బు పాట కాదు. నోవహు కాలపు జలప్రళయం మీద పాట. 1964 మే 7న ఇంగ్లండులోని మాంచెస్టరులో, ప్రయాణికులకు మూసేసిన విల్‌బ్రహం రోడ్డు రైలు స్టేషనులో గ్రనాడా టెలివిజన్ వాళ్ళు ఒక కార్యక్రమం చిత్రీకరించారు. ఒక ప్లాట్‌ఫారం మీద జనం, పట్టాలకు ఇవతల ప్లాట్‌ఫారం మీద పాటగాళ్ళు. ఆరోజు వాన కురిసింది. ఆవిడ గుర్రపుబండి దిగి వచ్చి, గిటారు తగిలించుకుని, ఆ వానలోనే నోవహు వాన పాట ఎత్తుకుంది. అప్పటికి ఆమెకు 49 ఏళ్ళు. పేరు సిస్టర్ రొసెట్టా థార్ప్. ఆ "సిస్టర్" సినిమావాళ్ళు పెట్టిన బిరుదు కాదండీ. మనం "సహోదరి" అంటామే, అదే. సంఘం నుంచి వచ్చిన పిలుపు.

ఇక కుర్రాళ్ళు అడిగిన ప్రశ్న. దానికి సరిగ్గా జవాబు చెప్పాలి, ఎందుకంటే అది పనికిమాలిన ప్రశ్న కాదు. అది గిబ్సన్ ఎస్‌జీ కస్టమ్. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో కలమజూ అనే ఊరి ఫ్యాక్టరీలో తయారైన రకం. గిబ్సన్ వాళ్ళు 1952లో లెస్ పాల్ అనే గిటారు తెచ్చారు. గట్టి చెక్క, మంచి బరువు. 1961లో దాని ఒళ్ళు పలచన చేసి, మెడ మొదట్లో రెండు వైపులా లోపలికి కోసి కొత్త రూపం ఇచ్చారు. కొన్నాళ్ళు పాత పేరుతోనే అమ్మి, తర్వాత ఎస్‌జీ అన్నారు. అందులో కస్టమ్ అనేది ఖరీదైన రకం. తెల్లరంగు, లోహపు భాగాలకు బంగారు పూత, మామూలు ఎస్‌జీకి రెండు పికప్‌లు ఉంటే దీనికి మూడు.

పికప్ అంటే తెలియని పెద్దవాళ్ళ కోసం చెబుతాను. అయస్కాంతం చుట్టూ సన్నటి రాగితీగ వేల చుట్లు చుడతారు. పైన ఉక్కు తీగ కదిలినప్పుడు ఆ అయస్కాంతపు బలంలో కదలిక వస్తుంది, దానివల్ల రాగిచుట్టలో కాస్తంత కరెంటు పుడుతుంది. ఆ కాస్తంత కరెంటును ఆంప్లిఫయరు పెద్దది చేసి స్పీకరుకు పంపుతుంది. అంతే. గిబ్సన్ వాళ్ళు 1957 నుంచి రెండేసి చుట్టలు ఎదురెదురుగా పెట్టిన పికప్‌లు వాడటం మొదలుపెట్టారు. ఒక చుట్టలో వచ్చే కరెంటు గొణుగుడును రెండోది కొట్టేస్తుంది, తీగ మోత మాత్రం నిలుస్తుంది. మన గుడిలో మైకు పెట్టగానే వచ్చే "హుమ్మ్‌" అనే రొద ఉంది చూడండి, అలాంటిదాన్ని తగ్గించడానికి చేసిన ఉపాయం. ఇందులో దెయ్యం ఎక్కడ దూరిందో నాకు ఎవరైనా చూపిస్తే బాగుండు.

ఆ గిటారు మీద రెండు కొమ్ముల్లా పొడుచుకొచ్చి ఉంటాయి. అవి చూసి "అదిగో సాతాను కొమ్ములు" అన్నవాళ్ళను నేను చెవులారా విన్నాను. ప్రియులారా, అవి కొమ్ములు కావు. వాయించేవాళ్ళ ఎడమచెయ్యి చిట్టచివరి మెట్ల దాకా అందడానికి చెక్క కోశారు. కోసిన చోటు పోగా మిగిలింది అలా కనిపిస్తుంది. వీణకు కుండ ఎందుకుందో అడిగి తెలుసుకునేవాళ్ళం, గిటారు చెక్కను చూసి మాత్రం ప్రకటన గ్రంథంలోకి పోతాం.

అయితే రొసెట్టా ఆ తెల్ల గిటారుతో పుట్టలేదు. అంతకుముందు ఆమె చేతిలో ఉన్నవాటిని వరసగా చూస్తేనే నేను చెప్పదలచుకున్నది అర్థమవుతుంది.

1915లో ఆర్కెన్సా రాష్ట్రంలో కాటన్ ప్లాంట్ అనే ఊళ్ళో పుట్టింది. పేరులోనే ఉంది, పత్తి ఊరు. మన గుంటూరు, ప్రకాశం వైపు వాళ్ళకు ఆ బతుకు ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. తల్లి కేటీ బెల్ పత్తి ఏరేది, పాడేది, మాండొలిన్ వాయించేది, సువార్త చెప్పేది. చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్ అనే పెంతెకోస్తు సంఘం వాళ్ళది. బిషప్ చార్లెస్ హారిసన్ మేసన్ స్థాపించిన ఆ సంఘం స్త్రీలకు పాస్టరు పదవి ఇవ్వలేదు. కానీ సువార్త చెప్పడానికీ, వాయిద్యం వాయించడానికీ అడ్డు చెప్పలేదు. డప్పులు, తంబురలు, బాకాలు, గిటార్లు, ఏది ఉంటే అది పట్టుకుని దేవుణ్ణి స్తుతించారు. చుట్టుపక్కల మర్యాదస్తుల సంఘాలవాళ్ళు వీళ్ళను చూసి ముక్కు విరిచారు. (ఇది ఎక్కడో విన్నట్టుంది కదా!)

ఆరేళ్ళ వయసుకే ఆ పిల్ల గిటారు పట్టుకుంది. తల్లి ఆమెను తీసుకుని షికాగో వెళ్ళిపోయింది. అక్కడ 40వ వీధిలో ఉన్న సంఘంలో ఈ పిల్ల పాడుతూ వాయిస్తుంటే చూడటానికి జనం వచ్చేవారు. తల్లీ కూతుళ్ళు ఊరూరా కూటాలకు తిరిగారు. గమనించండి, ఆమెకు గిటారు ఇచ్చింది క్లబ్బు కాదు, సినిమా కాదు. సంఘం. ఒక సువార్తికురాలైన తల్లి.

1930లలో ఆమె దగ్గర నేషనల్ కంపెనీ గిటారు ఉండేది. అది విచిత్రమైన వస్తువు. లాస్ ఏంజిలస్‌లో 1927 ప్రాంతంలో ఆ రకం తయారీ మొదలైంది. లోపల పలచటి అల్యూమినియం గిన్నె ఒకటి ఉంటుంది. తీగల కదలిక గుర్రం మీదుగా ఆ గిన్నెకు చేరి, గిన్నె మోగుతుంది. కరెంటు లేకుండానే మామూలు చెక్క గిటారుకన్నా బాగా బిగ్గరగా వినబడుతుంది. ఎందుకు కావాల్సి వచ్చిందంటారా? బాకాలు, డ్రమ్ములు, వందలమంది చప్పట్ల మధ్య చెక్క గిటారు వినబడదు. ముందు వరసకు కూడా వినబడదు. మన గుడిలో ప్యాడ్లు మొదలుపెట్టగానే గిటారు వాయించే తమ్ముడు వాయిస్తున్నాడో నటిస్తున్నాడో తెలియదు చూడండి, అలా అన్నమాట.

1940లకు వచ్చేసరికి ఆమె చేతిలో గిబ్సన్ ఎల్-5 వచ్చింది. వయొలిన్‌లా పై చెక్క వంపు తిరిగి, రెండు వైపులా వయొలిన్‌కు ఉండేలాంటి సన్నటి తెరుపులుండే పెద్ద గిటారు. బ్యాండ్లలో వెనక కూర్చుని తాళం నిలబెట్టేవాళ్ళు ఎక్కువగా వాడే రకం. ఈమె వెనక కూర్చోలేదు. ముందుకొచ్చి, పాటకు పాట జవాబు చెప్పినట్టు ఒంటి తీగల మీద వాయించింది. ఆ తర్వాత 1960లలో ఆ తెల్ల ఎస్‌జీ.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే కనబడేది ఒకటే. ప్రతిసారీ ఆమె బిగ్గరగా వినబడే గిటారు ఎంచుకుంది. గిటారు ప్రియులు ఇక్కడ మోడల్ నంబరు రాసుకుని సంతోషపడతారు, తప్పు లేదు. కానీ ఒక నల్లజాతి స్త్రీ, పదిమంది మగవాళ్ళ వాయిద్యాల మధ్య, తన మాట చివరి వరసదాకా చేరాలని చేసిన ప్రయత్నం ఆ వస్తువుల్లో ఉంది. ఆ వరసను బొమ్మల పట్టికలా చూసేవాళ్ళు సగమే చూశారు.

ఇప్పుడు పెద్దాయన మాటలో నిజమున్న భాగానికి వస్తాను. ఆమె క్లబ్బుల్లో పాడింది. దాచను. 1938లో న్యూయార్కు వెళ్ళి, ఆ ఏడాదే కాటన్ క్లబ్బులో పాడింది. అదే ఏడాది అక్టోబరు 31న డెక్కా కంపెనీకి నాలుగు పాటలు ఇచ్చింది. వాటిలో ఒకటి థామస్ డోర్సీ రాసిన భక్తిగీతం, పేరు మార్చి, మాట కాస్త మార్చి పాడింది. డిసెంబరులో కార్నెగీ హాలులో పాడింది. ఆ తర్వాత లక్కీ మిలిండర్ బ్యాండుతో భక్తితో సంబంధం లేని పాటలు కూడా పాడింది, వాటిలో కొన్ని నేను మన పిల్లలకు వినిపించను. ఆమె పెరిగిన సంఘాల్లో చాలామంది నొచ్చుకున్నారు, ముఖం తిప్పుకున్నారు. నేను ఆ కాలంలో అక్కడ పాస్టరునైతే నేను కూడా నొచ్చుకునేవాణ్ణే. 1951లో వాషింగ్టన్‌లో బేస్‌బాల్ మైదానంలో టికెట్లు పెట్టి 20,000 మందికి పైగా జనం ముందు మూడో పెళ్ళి చేసుకుని, పెళ్ళిగౌనులోనే గిటారు వాయించింది. అదీ నాకు నచ్చలేదు. పెళ్ళికి టికెట్టేమిటి? కాబట్టి ఆమెను మచ్చలేని పరిశుద్ధురాలిగా మీ ముందు నిలబెట్టడానికి నేను రాయడం లేదు.

కానీ ఒక లెక్క అడుగుతాను. క్లబ్బుల్లో పాడిన మగ పాటగాడు మారి వచ్చి సాక్ష్యం చెబితే మనం ఏం చేస్తాం? కరపత్రాలు వేసి, మూడు రోజుల కూటాలు పెట్టి, "ఒకప్పుడు లోకంలో ఇలా ఉన్న ఫలానా సహోదరుడు" అని స్టేజీ ఎక్కిస్తాం. అతను లోకంలో ఎంత దూరం పోయివుంటే సాక్ష్యానికి అంత గిరాకీ. ఆడమనిషి విషయంలో మాత్రం ఆ ఒక్క క్లబ్బూ ఆమె జీవితమంతటికీ పేరైపోతుంది. 1940ల చివర్లో మేరీ నైట్‌తో కలిసి ఆమె పాడిన గాస్పెల్ పాటలు ఎవరికీ గుర్తుండవు. 1944లో సామీ ప్రైస్ పియానోతో రికార్డు చేసిన భక్తిపాట మరుసటి ఏడాది బిల్‌బోర్డు పత్రిక పట్టికలో పైకి ఎక్కింది. గుడి మొహం చూడనివాళ్ళు కూడా డబ్బిచ్చి ఆ పాట కొనుక్కున్నారు. అదీ గుర్తుండదు. తెల్లవాళ్ళ హోటళ్ళలో నల్లవాళ్ళకు గది ఇవ్వని రోజుల్లో బస్సులోనే పడుకుంటూ ఊళ్ళు తిరిగి పాడింది. ఆమె ముందు పాడే జోర్డనేర్స్ అనే తెల్లకుర్రాళ్ళు హోటల్లోకి వెళ్ళి ఆమెకు తిండి తెచ్చిపెట్టేవారు. స్టేజీ మీద ఆమె పెద్ద, రోడ్డు మీద ఆమెకు కూర్చునే చోటు లేదు. ఈ కష్టం ఎవరి లెక్కలోకీ రాదు.

రెండో వైపు ఇంకో రకం అన్యాయం. ఇది మన కుర్రాళ్ళకు, వాళ్ళలాంటి గిటారు పిచ్చోళ్ళకు. ఆమె వాయించింది విని అప్పటి మగవాళ్ళు ఇచ్చిన గొప్ప మెప్పు ఏమిటో తెలుసా? "మగాడిలా వాయిస్తుంది" అని. మెప్పు అనుకుని అన్నారు. నిజానికి ఆమెలా వాయించాలని మగవాళ్ళు నేర్చుకున్నారు. జార్జియా రాష్ట్రంలోని మేకన్ ఊళ్ళో 1947లో ఒక పద్నాలుగేళ్ళ కుర్రాడు ఆమె పాటలు పాడుతుంటే విని, ఆమె వాణ్ణి స్టేజీ మీదికి పిలిచి పాడించి డబ్బులిచ్చి పంపింది. వాడే తర్వాత లోకమంతా ఎరిగిన లిటిల్ రిచర్డ్. జానీ క్యాష్ తనకు గౌరవం చేసిన సభలో ఆమె పేరు తలుచుకున్నాడు. రాక్ సంగీతపు మందిరం అంటూ వాళ్ళు ఒకటి కట్టుకున్నారు. అందులోకి మొదటి విడతగా 1986లో మగవాళ్ళ పేర్లు ఎక్కించారు, లిటిల్ రిచర్డ్‌తో సహా. ఈమె పేరు ఎక్కింది 2018లో. శిష్యుడికి 32 ఏళ్ళ తర్వాత గురువుకు పీట వేశారు.

ఇప్పుడు పీట వేశాక ఏమంటున్నారంటే, ఆమె "రాక్ అండ్ రోల్‌కు పెద్దమ్మ" అట. మంచిదే. కానీ ఆ మాటలో సంఘం మాయమైపోయింది. ఆమె వాయించే పద్ధతి పెంతెకోస్తు కూటాల్లో పుట్టిందని, ఆ తీగ లాగుడు, ఆ తాళం, మధ్యలో ఆపి జనం చేత పలికించడం, అన్నీ సంఘారాధనలో నేర్చుకున్నవని చెప్పడానికి గిటారు పత్రికలకు కాస్త మొహమాటం. మ్యూజియంలో ఆ తెల్ల గిటారు లాంటిది అద్దాల పెట్టెలో పెట్టి దీపం వెయ్యడం తేలిక. నోవహు పాట ఎందుకు పాడిందో అడగడం కష్టం. గేల్ వాల్డ్ అనే ప్రొఫెసరమ్మ 2007లో ఆమె జీవితచరిత్ర రాస్తేగాని ఈ సంగతులు చాలామందికి తెలియలేదు.

సరే, అమెరికా సంగతి ఎందుకు, మన సంగతి చెప్పండి అంటారు. చెబుతాను. ఇది చెప్పడానికే ఇంత రాశాను.

చాలా ఏళ్ళ క్రితం, ఇక్కడ కాదు, నేను అంతకుముందు పరిచర్య చేసిన చోట, సంఘానికి ఎవరో ఒక గిటారు కానుకగా ఇచ్చారు. మామూలు చెక్క గిటారు. ఒక అమ్మాయి, అప్పుడు తొమ్మిదో తరగతి, ప్రాక్టీసు అయ్యాక అందరూ వెళ్ళిపోయినా కూర్చుని దాని మీద నెమ్మదిగా పాట వెతుక్కునేది. ఎవరూ నేర్పలేదు. రెండు నెలలకల్లా మనం పాడే పాటలు నాలుగైదు తీగల మీద పలికించింది. ఒక ఆదివారం ఆరాధనలో వాయిస్తానని అడిగింది. నేను ఏమన్నానో నాకు ఇప్పటికీ అక్షరం తప్పకుండా గుర్తుంది. "నీకు గొంతు ఉంది కదమ్మా, నువ్వు పాడు. గిటారు తమ్ముడికివ్వు." ఆ తమ్ముడికి గిటారంటే ఇష్టం లేదు. నెల తర్వాత అది గోడకు చేరింది. ఆమె పాడటం కూడా తగ్గించింది. పదో తరగతి కాగానే పెళ్ళి చేశారు. ఇప్పుడు ఎక్కడో ఉంది. ఈ పేజీ చదువుతుందో లేదో.

నేను ఏ వాక్యం చూసి అలా అన్నాను? ఏ వాక్యమూ లేదు. "బాగుండదు" అన్న ఒక్క మాట తప్ప నా దగ్గర ఏమీ లేదు. ఎర్రసముద్రం దాటాక మిర్యాము తంబుర తీసుకుంటే మిగతా స్త్రీలందరూ ఆమె వెంట తంబురలతో బయలుదేరారని నిర్గమకాండంలో చదివి ప్రసంగం చేసినవాణ్ణి నేనే. 68వ కీర్తనలో దేవుని ఊరేగింపు మధ్యలో కన్యకలు వాయిస్తూ నడిచారని కూడా చదివాను. 150వ కీర్తనలో తీగల వాయిద్యాల ప్రస్తావన ఉంది, వాటిని మగపిల్లలకే ఇవ్వాలని రాయలేదు. కొందరంటారు, తంబుర వేరు, గిటారు వేరు అని. తంబుర ఆడవాళ్ళు పట్టుకుంటే బాగుంటుందట. ఎందుకు బాగుంటుంది? అలవాటైంది కాబట్టి. అంతకుమించి అందులో దైవశాస్త్రం ఏమీ లేదు.

ఇంకొందరు పరదేశపు వాయిద్యం అంటారు. మన గుడిలో యాభై ఏళ్ళుగా ఉన్న హార్మోనియం ఎక్కడిది? 19వ శతాబ్దంలో ఫ్రాన్సులో పుట్టింది. మన దేశంలోనే ఆకాశవాణివాళ్ళు అది మన సంగీతానికి పనికిరాదని 1940 నుంచి 1971 దాకా దానిమీద నిషేధం పెట్టారు. రేడియోలో పనికిరానిది గుడిలో ముద్దయింది. ఇప్పుడు అదే పవిత్రం, గిటారు అపవిత్రం. మన కీబోర్డులో ఏ మీట నొక్కితే ఏ సినిమా పాట తాళం వస్తుందో వాయించే తమ్ముడికీ తెలుసు, నాకూ తెలుసు. దాన్ని మనం ఆరాధనకు వాడుకోవడం లేదా?

రొసెట్టా చివరి రోజులు కూడా చెప్పాలి. 1970లో పక్షవాతం వచ్చింది. చక్కెర జబ్బు వల్ల ఒక కాలు తీసేశారు. అయినా పాడటం మానలేదు. 1973 అక్టోబరు 9న ఫిలడెల్ఫియాలో నిద్రించింది. నార్త్‌వుడ్ సమాధుల తోటలో పాతిపెట్టారు. ముప్పై ఏళ్ళకు పైగా ఆ సమాధి మీద రాయి లేదు. పేరు లేదు. 2008లో కొందరు సంగీతాభిమానులు కచేరీ పెట్టి డబ్బు పోగుచేశాక రాయి వేయించారు.

ఆ రాయి సంగతి చదివిన రోజు నాకు మన గుడి వెనక గోడకు వేలాడే గిటారు గుర్తొచ్చింది. ఆ ఊళ్ళో గోడకెక్కినట్టే ఇక్కడా ఒకటి ఎక్కింది. మీలో చాలామంది చూసేవుంటారు, సగం తీగలు తెగి, సంచి మీద బల్లి గుడ్లు. దాన్ని అలా వదిలేసింది నేనే, ఇంకెవరినీ అనను. సోమవారం దించాను. లోపల ఎలుకలు దూరలేదు, దేవునికి స్తోత్రం. మెడ వంగలేదని విజయవాడలో వాయిద్యాలు బాగుచేసే తమ్ముడు ఫోటో చూసి చెప్పాడు.

కుర్రాళ్ళూ, మీరు ఎస్‌జీ కస్టమ్ ధర వెతుకుతున్నారని నాకు తెలుసు. అది మన సంఘం మొత్తం కానుకలు ఏడాది కూడబెట్టినా కొనలేని వస్తువు, ఆశ మానుకోండి. ఉన్నదాని మీద మొదలుపెడదాం. శ్రుతి పెట్టడం, రెండు మూడు పట్లు నాకు వచ్చినంత నేను నేర్పుతాను. అంతకుమించి వచ్చినవాళ్ళు ఫోనులో చూసి నేర్చుకుని నాకు నేర్పాలి. గురువారాలు సాయంత్రం ఆరింటికి, స్త్రీల కూటానికి ముందు. ఆడపిల్లలు ముందు కూర్చుంటారు, గిటారు ముందు వాళ్ళ చేతికే వస్తుంది. మగపిల్లలు తర్వాత. ఎవరైనా తల్లిదండ్రులకు అభ్యంతరమైతే పిల్లను ఆపవద్దు, నా దగ్గరికి రండి.

తీగలు బుధవారానికల్లా తెప్పిస్తున్నాను. ఇప్పటికి నలుగురు పేర్లిచ్చారు. బాబాయ్ గారూ, వాళ్ళలో మొదటి పేరు మీ మనవరాలిదే. ఆదివారం సాయంత్రమే వచ్చి ఇచ్చి వెళ్ళింది, మీతో తానే చెబుతానంది. చెప్పిందో లేదో మరి.